ఫోన్‌పేలో వచ్చిన వడ్డీ నోటును కాపాడుతుందా?

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయురాలిని. మాది నల్గొండ జిల్లా. నా భర్త మేనల్లుడు ఎరువుల దుకాణం పెట్టుకుంటానంటే 2022 నవంబరు 14న 4,00,000 రూపాయలు అప్పుగా ఇచ్చాను. అందులో 3,00,000 బ్యాంకు ద్వారా, 1,00,000 నగదుగా ఇచ్చాను. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీకి ప్రామిసరీ నోటు రాశాడు. సంతకం చేసి తేదీ వేయని చెక్కు కూడా ఒకటి ఇచ్చాడు. 2024 మార్చి వరకు నెలకు 6,000 చొప్పున ఫోన్‌పేలో పంపాడు, తరువాత ఆపేశాడు. అడిగితే "కొంచెం ఆగు అత్తయ్యా, అసలుతో సహా ఇచ్చేస్తాను" అని వాట్సాప్‌లో రాస్తాడు. మావారు పోయారు. మూడేళ్లు దాటితే నోటు పనికిరాదని కొందరు, వడ్డీ కట్టాడు కాబట్టి భయం లేదని మరికొందరు అంటున్నారు. నగదుగా ఇచ్చిన లక్షకు నాకు జరిమానా పడుతుందా? వచ్చిన వడ్డీని నేను రిటర్నులో చూపలేదు. బంధుత్వం చెడకుండా నా డబ్బు ఎలా రాబట్టుకోవాలి?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముందు చూడవలసినది తేదీ. మీ నోటుకు మూడేళ్ల గడువు 2025 నవంబరు 14, శుక్రవారంతో ముగుస్తుంది. 2025 అక్టోబరు మొదటి వారంలో ఈ జవాబు రాస్తున్నాను కాబట్టి మీ చేతిలో ఉన్నది నెల రోజుల పైచిలుకు మాత్రమే. తక్కిన విషయాలన్నీ ఆ తరువాత చూసుకోవచ్చు గాని, ఈ ఒక్కటి మాత్రం వాయిదా వేయడానికి వీలు లేదు.

మన ప్రాంతంలో వాడే అచ్చు నోట్లలో "మీరు కోరినప్పుడు మీకు గానీ, మీ అనుమతి పొందిన వారికి గానీ అసలు, వడ్డీ చెల్లించగలవాడను" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. ఆ "కోరినప్పుడు" అన్న మాటను చూసి, మనం గట్టిగా అడిగిన రోజు నుంచి మూడేళ్లు లెక్క మొదలవుతుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, కోరినప్పుడు చెల్లించాలన్న నోటు మీద దావా వేయడానికి మూడేళ్ల గడువు నోటు రాసిన తేదీ నుంచే నడుస్తుంది. మీరు ఒక్కసారి కూడా అడగకపోయినా అది నడుస్తూనే ఉంటుంది. పైగా, అప్పీలు ఆలస్యమైతే కారణం చెప్పి కోర్టును క్షమించమని అడిగే వీలు ఉంది గాని, దావా ఆలస్యమైతే ఆ వీలు లేదు. "మావారు పోయిన దుఃఖంలో ఉన్నాను" అని మీరు నిజమే చెప్పినా, నవంబరు 15న వేసిన దావాను ఆ కారణంతో న్యాయమూర్తి స్వీకరించలేరు.

ఇక వడ్డీ కట్టాడు కాబట్టి భయం లేదన్న మాటలో సగం మాత్రమే నిజం. గడువు ముగియక ముందు బాకీదారు వడ్డీగా గాని, అసలులో కొంతగా గాని చెల్లిస్తే, ఆ చెల్లింపు తేదీ నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయని అదే చట్టంలోని 19వ సెక్షన్ చెబుతుంది. అయితే దానికి ఒక షరతు ఉంది. ఆ చెల్లింపు జరిగినట్టు చెల్లించినవాడి చేతిరాతలో గాని, అతను సంతకం చేసిన రాతలో గాని ఉండాలి. మన పెద్దలు నోటు వెనుక "చెల్లు" వేయించుకునేది ఇందుకే. ఏ తేదీన ఎంత ముట్టిందో నోటు వెనుక రాసి, కింద బాకీదారు చేత సంతకం చేయించే ఆ పాత అలవాటుకు చట్టంలో ఇంత బలమైన పునాది ఉందని నేటి తరంలో చాలామందికి తెలియదు. ఫోన్ మోగి డబ్బు ఖాతాలో పడగానే లెక్క తేలిపోయిందనుకుంటున్నారు, నోటు వెనుక భాగం మాత్రం ఖాళీగా మిగిలిపోతోంది.

మీకు వచ్చిన పదహారు నెలల వడ్డీ, అంటే 96,000 రూపాయలు, బ్యాంకు స్టేట్‌మెంటులో కనబడుతుంది. అది మంచి సాక్ష్యమే. కాని ఫోన్‌లో నంబరు నొక్కి పంపిన చెల్లింపు "సంతకం చేసిన రాత"తో సమానమా అన్నది కోర్టులో వాదించుకోవలసిన విషయం. మీ తరఫు న్యాయవాది ఎలక్ట్రానిక్ రికార్డుల గురించిన చట్టాన్ని ఉదహరించి సమానమేనని వాదించవచ్చు; అవతలివారు, ఆ 6,000 నోటుకు సంబంధించినదే కాదని, ఇంటి ఖర్చులకు సాయంగా పంపానని కూడా చెప్పవచ్చు. ఆ వాదన నెగ్గితే చివరి వడ్డీ వచ్చిన 2024 మార్చి నుంచి లెక్కించి 2027 మార్చి వరకు గడువు దొరుకుతుంది, ఓడితే నాలుగు లక్షలూ పోతాయి. నవంబరు 14 లోపు పని పూర్తి చేసుకునే అవకాశం చేతిలో ఉండగా, ఆ పందెం కాయవలసిన అవసరం మీకు లేదు. వాట్సాప్ సందేశాల సంగతీ ఇంతే. బాకీ ఉన్నానని సంతకంతో రాసి ఇచ్చినా కొత్త గడువు వస్తుందని 18వ సెక్షన్ అంటుంది గాని, "కొంచెం ఆగు అత్తయ్యా" అన్న సందేశంలో అప్పు మొత్తం లేదు, నోటు ప్రస్తావన లేదు, సంతకం లేదు. అయినా వాటిని చెరిపివేయకండి, ఆ ఫోన్‌ను మార్చకండి, అమ్మకండి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యం దాఖలు చేసేటప్పుడు దానితో పాటు ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. అసలు ఫోన్ మీ దగ్గరే ఉంటే ఆ పని సులువవుతుంది.

కాబట్టి ఈ వారంలోనే మేనల్లుడిని ఇంటికి పిలవండి. మీ ఉత్తరంలో అతను బాకీ లేదని ఎక్కడా అనలేదు, ఆలస్యం మాత్రమే చేస్తున్నాడు. అలాంటివాడు చెల్లు వేయడానికి సాధారణంగా ఒప్పుకుంటాడు. అతని చేత ఎంతో కొంత, వెయ్యి రూపాయలైనా సరే, మీ ఖాతాకు నిజంగా పంపించి, అదే రోజున నోటు వెనుక, "2022 నవంబరు 14న రాసిన ఈ నోటు బాకీలో వడ్డీ కింద ఈ రోజు ఇంత చెల్లించాను" అని అతని స్వహస్తంతో రాయించి, తేదీ వేయించి, సంతకం చేయించండి. వీలైతే ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. చట్టం సాక్షులను అడగదు గాని, రేపు సంతకం నాది కాదంటే వారు పనికివస్తారు. డబ్బు చేతులు మారకుండా ఉత్తుత్తి చెల్లు రాసుకోవడం, వెనుకటి తేదీ వేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. నిజమైన అప్పును కూడా అబద్ధంగా కనబడేటట్టు చేసేది అలాంటి రాతే. చెల్లుతో పాటు, అసలు 4,00,000, 2024 మార్చి 14 నుంచి వడ్డీ బాకీ ఉన్నాయని ఒప్పుకుంటూ వేరే కాగితం మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి ఒప్పుకోలు రాయించుకుంటే మరీ మంచిది. సెప్టెంబరు 14 నాటికి ఆ వడ్డీ పద్దెనిమిది నెలలకు 1,08,000 అయింది. ఆ అంకెను కూడా అందులో రాయించండి.

బంధువును చెల్లు అడగడం అవమానించడంలా ఉంటుందని మీరు సంకోచిస్తున్నట్టు ఉత్తరం చదివితే అర్థమవుతోంది. మా నాన్నగారు పోయిన తరువాత ఆయన ట్రంకుపెట్టెలో ఏడెనిమిది నోట్లు దొరికాయి. అన్నీ దగ్గరివాళ్లు రాసినవే, ఒక్కదాని వెనుక కూడా చెల్లు లేదు, అన్నిటికీ గడువు దాటిపోయింది. ఇచ్చింది ఎంత, ముట్టింది ఎంత అన్నది చెప్పగలిగినవారు ఎవరూ మిగలక, ఆ లెక్కల మీద మా రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయాయి. నోటు వెనుక నాలుగు చెల్లులు ఉండి ఉంటే ఆ తగాదా వచ్చేదే కాదు. చెల్లు మీకెంత రక్షణో అతనికీ అంతే రక్షణ, ఎందుకంటే అతను కట్టిన 96,000కు కూడా ఇప్పుడు నోటు మీద ఏ ఆనవాలూ లేదు. ఈ మాటే అతనికి చెప్పండి.

అతను రాకపోయినా, వచ్చి సంతకం చేయనన్నా, అక్టోబరు నెలాఖరు దాటకుండా న్యాయవాదిని కలిసి దావా వేయించండి. ఇక్కడ ఇంకొక అపోహను తీర్చాలి. లాయరు నోటీసు ఇస్తే గడువు ఆగదు. పెద్దమనుషుల పంచాయితీలో కూర్చున్నా ఆగదు. పోలీసు స్టేషనులో అర్జీ ఇచ్చినా ఆగదు, పైగా సివిల్ బాకీ వసూలు చేయడం పోలీసుల పని కాదు. గడువులోగా కోర్టులో దావా దాఖలైతే తప్ప, లేదా బాకీదారు సంతకం పడితే తప్ప ఆ లెక్క ఆగదు. ఇంతకాలం ఆగినవారు చివరి నెలలో నోటీసు పంపి జవాబు కోసం ఎదురుచూస్తూ గడువు పోగొట్టుకోవడం చాలా చోట్ల జరుగుతున్నదే.

దావాకు ముందు నోటును ఒకసారి వెలుతురులో పరిశీలించండి. రెవెన్యూ స్టాంపు ఉందా, సంతకం ఆ స్టాంపు మీదుగా పడిందా అన్నది చూడండి. తక్కిన పత్రాలకు స్టాంపు తక్కువైతే జరిమానా కట్టి సరిదిద్దుకోవచ్చు గాని, ప్రామిసరీ నోటుకు ఆ సౌకర్యం లేదు. స్టాంపు లేని నోటును, స్టాంపును రద్దు చేయకుండా, అంటే దాని మీదుగా సంతకమో గీతో పడకుండా వదిలిన నోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. ఒకవేళ మీ నోటులో అలాంటి లోపం ఉంటే, ఇప్పుడు మీరే స్టాంపు అంటించడం, గీతలు గీయడం చేయకుండా ఉన్నది ఉన్నట్టు న్యాయవాదికి చూపండి. అప్పు ఇచ్చిన వాస్తవం ఆధారంగా, బ్యాంకు ద్వారా వెళ్లిన మూడు లక్షల రుజువుతో దావా నడిపే మార్గం ఉంటుంది, దానికీ గడువు అప్పు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లే. స్టాంపు సరిగా ఉండి, సంతకం అతనిదేనని తేలితే, డబ్బు ముట్టకుండానే నోటు రాశానని నిరూపించే భారం అతని మీద పడుతుంది. నిజాం కాలం నాటి 1349 ఫసలీ వడ్డీ వ్యాపారుల చట్టం తెలంగాణలో ఇప్పటికీ ఉంది కాబట్టి, లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేస్తున్నారని ప్రతివాదులు వాదించడం కూడా ఇక్కడ మామూలే. ఒక బంధువుకు ఒక్కసారి ఇచ్చిన అప్పు వ్యాపారం కాదు. మీరు ఇంకెవరికీ వడ్డీకి ఇవ్వకపోతే ఆ వాదనకు కలవరపడనక్కరలేదు.

ఖర్చు గురించి మీరు అడగలేదు గాని చెప్పాలి. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద మహిళలందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేసి కూడా వివరాలు అడగవచ్చు. బంధుత్వం చెడకూడదన్న మీ కోరికకు లోక్ అదాలత్ బాగా సరిపోతుంది. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని వాయిదాలు రాసుకుంటే ఆ ఒప్పందం మీద వచ్చే అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు, దావాకు కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది. అయితే రాజీ ప్రయత్నం నవంబరు 14 దాటేలా ఉంటే ముందు దావా వేసి, ఆ తరువాత లోక్ అదాలత్‌కు వెళ్లండి.

చెక్కును వాడడం వేరే దారి. సంతకం చేసి ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఖాళీ చెక్కును తీసుకున్నవారు నింపినంత మాత్రాన అది చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. కాని నిజంగా రావలసిన మొత్తం కంటే ఒక్క రూపాయి ఎక్కువ కూడా వేయవద్దు. మధ్యలో ముట్టిన సొమ్మును మినహాయించకుండా చెక్కు మొత్తం వేసుకుంటే నేరం నిలవదని 2022లో అదే కోర్టు తేల్చింది. తేదీ వేసిన మూడు నెలల్లోపు చెక్కును బ్యాంకులో వేయాలి. అది తిరిగి వస్తే బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లోపు, చేరినట్టు రుజువు దొరికే పద్ధతిలో నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లోపు అతను చెల్లించకపోతే, ఆ తరువాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు చేయాలి. ఈ నేరానికి రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా ఉన్నాయి కాబట్టి ఇది కఠినమైన మార్గం. చెక్కు కేసు నడుస్తున్నంత మాత్రాన నోటు గడువు ఆగదన్నది కూడా గుర్తుంచుకోండి. మీ పరిస్థితిలో చెల్లు, అది కాకపోతే దావా, ఆ రెండూ తేలాకే చెక్కు అన్నది నా అభిప్రాయం.

నగదుగా ఇచ్చిన లక్ష గురించి మీరు భయపడుతున్నారు. 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలోని 269ఎస్‌ఎస్ సెక్షన్ అంటుంది. అది నిషేధించింది తీసుకోవడాన్ని; అందుకే ఆ నగదుకు సమానమైన జరిమానా పడే ప్రమాదం తీసుకున్నవాడికే గాని ఇచ్చిన మీకు కాదు. నగదుగా ఇచ్చిన అప్పు అసలు వసూలుకే పనికిరాదని ఒక హైకోర్టు ఇచ్చిన తీర్పు కొన్ని నెలలుగా చాలామందిని కలవరపెట్టింది. 2025 సెప్టెంబరు 25న సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి, ఆ సెక్షన్ ఉల్లంఘనకు జరిమానా ఉంటుందే తప్ప అప్పు చెల్లకుండా పోదని స్పష్టం చేసింది. కాబట్టి దావాలో నాలుగు లక్షలూ ధైర్యంగా అడగండి, నగదు భాగాన్ని దాచవద్దు. ఆ లక్ష మీ ఖాతా నుంచి ఎప్పుడు తీశారో పాస్‌బుక్‌లో గుర్తించి పెట్టుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు మాత్రం ఒక్క విడత కూడా నగదుగా తీసుకోవద్దు: 20,000, అంతకు మించిన అప్పును నగదుగా తీర్చినవాడికి జరిమానా ఉంది, 2,00,000, అంతకు మించి నగదుగా తీసుకున్నవారికి కూడా ఉంది.

వడ్డీ మీద పన్ను సంగతి తేలికైనదే. తిరిగి వచ్చే అసలు మీ ఆదాయం కాదు, వడ్డీ మాత్రం ఇతర ఆదాయాల కింద లెక్కలోకి వస్తుంది. బ్యాంకు డిపాజిట్ల వడ్డీకి వయోవృద్ధులకు ఇచ్చే మినహాయింపు దీనికి వర్తించదు. మీకు 2022-23 ఆర్థిక సంవత్సరంలో 24,000, 2023-24లో 72,000 వచ్చాయి. మీ పెన్షన్ ఎంతో రాయలేదు కాబట్టి పన్ను పడుతుందో లేదో నేను లెక్కించలేను. 2023-24లో కొత్త విధానం కింద 7,00,000 వరకు, పాత విధానం కింద 5,00,000 వరకు ఆదాయం ఉన్నవారికి రిబేటు వల్ల పన్ను పడలేదు. వడ్డీ కలిపితే మీ ఆదాయం ఆ హద్దు దాటుతుందా అన్నది ముందు చూడండి. దాటితే అప్‌డేటెడ్ రిటర్ను, అంటే గడువు ముగిశాక సరిచేసి వేసే రిటర్ను, వేసి సరిదిద్దుకోవచ్చు. పన్ను, దానిపై వడ్డీ కలిపిన మొత్తం మీద అదనంగా, 2023-24కు 2026 మార్చి 31 లోపు అయితే 25 శాతం, 2022-23కు అదే తేదీ లోపు అయితే 50 శాతం కట్టాలి. ఆ తేదీ దాటితే భారం పెరుగుతుంది. కోర్టులో వడ్డీ ముట్టినట్టు మీరే రాసి ఇస్తారు కాబట్టి రిటర్నులోనూ అదే అంకె ఉండడం అన్ని విధాలా క్షేమం.

రాని వడ్డీకి పన్ను కట్టాలా అన్న సందేహం మీకు రావచ్చు. చేతికి వచ్చినప్పుడే ఆదాయంగా చూపే పద్ధతిని నిలకడగా పాటించేవారు, వచ్చిన సంవత్సరంలోనే చూపితే సరిపోతుంది. ఈ 2025-26 ఆర్థిక సంవత్సరంలోనే బాకీ వడ్డీ అంతా ఒక్కసారిగా వచ్చినా, కొత్త విధానంలో మీ మొత్తం ఆదాయం 12,00,000 దాటకపోతే పన్ను పడదు. అందుకే అతను డబ్బు పంపిన ప్రతిసారీ అందులో అసలు ఎంత, వడ్డీ ఎంత అన్నది చెల్లులోనే విడివిడిగా రాయించండి. అసలు మునిగిపోతే పన్నులో తగ్గించుకోవచ్చని ఎవరైనా చెబితే మాత్రం నమ్మవద్దు. ఆ వెసులుబాటు అప్పులివ్వడమే వ్యాపారంగా ఉన్నవారికి ఉంటుంది గాని మీకు రాదు.

చెల్లు రాయించే రోజున నోటును మీ చేతిలోంచి వదలకండి. బల్ల మీద పెట్టి రాయించి, సంతకం పూర్తయిన వెంటనే తిరిగి తీసుకోండి, రెండు వైపులా జిరాక్సు తీసి ఒక ప్రతి అతనికి ఇవ్వండి. "ఒకసారి మా లాయరుకు చూపించి తెస్తాను" అంటే జిరాక్సు ప్రతినే చూపించమనండి. అసలు, వడ్డీ పూర్తిగా మీ ఖాతాలో పడిన రోజున, పూర్తి చెల్లు రాసి మీరు సంతకం చేసి, ఆ అసలు నోటును, తేదీ లేని చెక్కును అతని చేతికి తిరిగి ఇవ్వండి.